ఒళ్లు విదిలించని మేకపోతు

తవిటయ్య ఆ మేకపోతుకు రోజూ స్నానం చేయించింది కాగితంలో అలా రాసి ఉందనా, దాని ప్రాణం నిలబెడదామనా? ఇన్నేళ్ల తర్వాత కూడా ఈ ప్రశ్నకు జవాబు దొరకలేదు. దొరకకపోవడానికి పెద్ద రహస్యమేమీ లేదు. అసలు తవిటయ్యకే తెలియదు. అబద్ధమాడే మనిషి కాదాయన. అలాగని తన మనసులోకి తొంగిచూసుకుని అక్కడ ఏముందో తేల్చుకునే మనిషీ కాదు. అడిగితే తువ్వాలు ఈ భుజం మీంచి ఆ భుజం మీదకు మార్చుకుని, "నీళ్లున్నాయి, పోసీసినాను" అనేవాడు.

నీళ్లకు నిజంగానే లోటు లేదు. ఉక్కునగరంలో ఆయన ఉద్యోగమే నీళ్లు వదలడం. తెల్లవారి అయిదున్నరకు పంపుహౌసులో పెద్ద ఇనప చక్రం తిప్పితే, క్వార్టర్ల కుళాయిలన్నీ ఒక్కసారిగా దగ్గి, ఉమ్మి, ఆ తర్వాత నీళ్లు పోసేవి. అంతకు ముందు నలభై ఏళ్లు ఆయన నీటి కోసం ఆకాశం వంక చూసిన రైతు. ఎకరంన్నర మెట్ట. రాగులు, వాళ్ల మాటలో చోడి, వేస్తే వానొచ్చేది కాదు, వేయకపోతే వచ్చేది. ఫ్యాక్టరీ కోసం ఆ మెట్టా, దాంతో పాటు ఊరూ పోయాయి. ఇంటికొక ఉద్యోగం అన్నారు. జాబితాలు వచ్చాయి, చిరిగాయి, మళ్లీ వచ్చాయి. తవిటయ్య పేరు ఒక జాబితాలో ఉండేది, మరోదాంట్లో ఉండేది కాదు.

అప్పుడు ఆయన భార్య అసిరమ్మ మరిడమ్మ తల్లికి మొక్కుకుంది. ఊరు లేచిపోయినప్పుడు మరిడమ్మ కూడా అందరిలాగే ఎడ్లబండెక్కి, భూములు పోయినవాళ్ల కొత్త కాలనీకి వచ్చేసింది. అందరికీ ఇచ్చినట్టే ఆవిడకూ ఒక ప్లాటు ఇచ్చారు, నంబరుతో సహా. ఆ నూట పద్నాలుగో నంబరు ప్లాటు ముందు సాగిలపడి, మా ఇంటాయనకు కంపెనీలో పని ఇప్పించు తల్లీ, నల్ల మేకపోతును నీ కాళ్లకాడ వేస్తాను అంది అసిరమ్మ. అది ఎనభై అయిదు. ఆ ఏడే పని వచ్చింది. కానీ సగమే వచ్చింది. టెంపరరీ అన్నారు. పర్మినెంటు ఆర్డరు తర్వాత అన్నారు.

అసిరమ్మకు సంగతి అర్థమైంది. అమ్మ సగం ఇచ్చి, మేక కోసం చెయ్యి చాపి కూర్చుంది. మేకనిస్తే మిగతా సగం ఇస్తుంది. ఇవ్వకపోతే ఇచ్చిన సగమూ లాక్కుంటుంది.

పెందుర్తి అవతల తెలిసినవాళ్ల మంద నుంచి నల్ల మేకపిల్లనొకదాన్ని తెచ్చుకున్నారు. బస్సులో తవిటయ్య దాన్ని ఒళ్లో పెట్టుకుంటే, కండక్టరు అది సామానో పాసింజరో తేల్చుకోలేక ఊరుకున్నాడు. పండగ వైశాఖంలో. అప్పటిదాకా కింది అంతస్తు క్వార్టర్లో, వెనక గదికి ఆనుకుని ఉన్న సిమెంటు వసారాలో దాన్ని కట్టారు. మొక్కు జంతువుకు పేరు పెట్టకూడదని అసిరమ్మ మొదటిరోజే చెప్పేసింది. పేరు పెడితే పిలవాలనిపిస్తుంది, పిలిస్తే వస్తుంది, వస్తే ఇక మొక్కెక్కడిది. ఆవిడ దాన్ని 'అది' అనేది. తవిటయ్య మాత్రం వారం తిరక్కుండానే 'ఈడు' అనడం మొదలుపెట్టాడు. ఈడు తిన్నాడా, ఈడికి ఎండ తగుల్తంది, ఈడేటి అలగ సూత్తన్నాడు.

స్నానాల గొడవ పై అంతస్తు గౌరీశ్వరితో మొదలైంది. ఆవిడ పోర్టు క్వార్టర్లలో పుట్టి పెరిగిన మనిషి. సముద్రం వాసన, చేపల వాసన, ఓడల నూనె వాసన అన్నీ భరించింది గానీ, మేకపోతు వాసన తన వల్ల కాదంది. మెట్ల మీద ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని ఎక్కడం దిగడం చేసేది. అసిరమ్మకు అది అవమానమైంది. పోనీ కడిగెయ్యి మావా అంది మొగుడితో. అనడం ఆవిడే అంది, ఆ మాట మరిచిపోకూడదు.

తవిటయ్య నీళ్లు వదిలి ఇంటికొచ్చి, ఎర్ర సబ్బు తీసుకుని, కుళాయి కింద మేకపిల్లను కడిగాడు. మొదటి వారం అది చచ్చేటంత గోల చేసింది. రెండో వారం మూలిగి ఊరుకుంది. రెండు నెలలయ్యేసరికి ఆయన కంటే ముందే వెళ్లి కుళాయి కింద నిలబడేది. ముందు కుడికాలు ఎత్తేది, సబ్బు రాశాక దించి ఎడమకాలు ఎత్తేది. నీళ్లు నెత్తిన పడుతుంటే కళ్లు మూసుకుని, గుడిలో తీర్థం తీసుకునే పెద్దమనిషిలా నిలబడేది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మొక్కు మేకను ఊరికే నరకరు. అమ్మవారి ముందు నిలబెట్టి పూజారి పసుపునీళ్లు పోస్తాడు. నీళ్లు పడగానే మేక ఒళ్లు విదిలించాలి. విదిలిస్తే అమ్మ ఒప్పుకున్నట్టు. విదిలించకపోతే ఒప్పుకోనట్టు. మూడు కుండల దాకా చూస్తారు. మేకన్నది నీళ్లు పడితే విదిలించక ఏం చేస్తుంది? తాతలనాటి నుంచి విదిలిస్తూనే ఉన్నాయి. అందుకే ఎవరూ ఆలోచించలేదు.

అంతలోకే ఎస్టేటు ఆఫీసు నుంచి రమణమూర్తి అనే గుమాస్తా తనిఖీకి వచ్చాడు. సన్నగా, సైకిలు క్లిప్పు పెట్టుకున్న ప్యాంటుతో, కోపమంటే తెలియని మనిషి. నియమాల పుస్తకం తెరిచి చూపించాడు. క్వార్టర్లలో పశువులు ఉండకూడదు. పెంపుడు జంతువైతే, అనుమతి తీసుకుని, ఒకటి ఉంచుకోవచ్చు. దానికొక ఫారం ఉంది.

ఫారం నింపడానికి అసిరమ్మ అన్న అర్జునరావు వచ్చాడు. గాజువాకలో సైకిల్ షాపు నడిపే అర్జునరావు ఎనిమిదో తరగతి దాకా చదివినవాడు, చుట్టాల్లో రాతపనులన్నీ ఆయనవే. జంతువు జాతి అన్నచోట మేక అని రాశాడు. పెంచుటకు కారణము అన్నచోట పెన్ను ఆగింది.

"ఏటి రాయమంటావు బావా? పండక్కి నరకడానికని రాసీమంటావా?"

రమణమూర్తి కంగారుపడ్డాడు. నరికేదైతే అది పశువు కింద లెక్క, పశువుకు అనుమతి లేదు అన్నాడు. పెంపుడు జంతువు అని రాసి, నరుకుతామని రాస్తే, పైన సంతకం పెట్టేవాళ్లు తననే నరుకుతారన్నాడు.

తవిటయ్య ఒక దారి చెప్పాడు. "వైశాకం దాకా పెంపుడుదని రాయండి బాబూ. ఆ తర్వాత కాదని రాయండి."

అలా రాయడానికి గళ్లు లేవన్నాడు రమణమూర్తి. చివరికి 'ఇంటి కాపలా' అని రాశారు. తర్వాతి గడిలో, జంతువు వలన యజమానికి కలుగు లాభములు అని ఉంది. అర్జునరావు హుషారుగా రాసుకుపోయాడు. మిగిలిన కూడు పారెయ్యక్కర్లేదు. కూరగాయల తొక్కలు మిగలవు. పాత పేపర్లు కూడా తింటుంది కాబట్టి ఇల్లు శుభ్రం. ఎవరైనా కొత్తవాళ్లొస్తే అరుస్తుంది.

"అరిస్తే ఏమవుతుంది?" అని రమణమూర్తి అడిగాడు. వెక్కిరింపు కాదు, నిజంగానే తెలుసుకుందామని.

"మేక అరిసిందని తెలుస్తాది," అన్నాడు అర్జునరావు.

ఆ పక్క గడిలో నష్టములు అని ఉంది. వాసన మాట రాయకూడదు, గౌరీశ్వరికి ఊతం దొరుకుతుంది. పెంటికలు రాయకూడదు, శానిటరీ వాళ్లు వస్తారు. అర్జునరావు బావ మొహం చూశాడు. తవిటయ్య వసారా వంక చూస్తున్నాడు. అక్కడ మేకపిల్ల రమణమూర్తి సైకిలు సీటును నాకుతోంది.

"నట్టం ఏటంటే," అన్నాడు తవిటయ్య, "వచ్చే ఏడు ఉండడు."

వంటగదిలో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. అర్జునరావు తల దించుకున్నాడు. రమణమూర్తి, అది రాయడానికి వీలుపడదు, 'ఏమియు లేవు' అని రాసెయ్యండి అన్నాడు. రాసేశారు.

పదిహేను రోజుల్లో అనుమతి పత్రం వచ్చింది. గుండ్రటి ముద్ర, కింద ఒకే షరతు: జంతువును ప్రతిదినము స్నానము చేయించి పరిశుభ్రముగా నుంచవలెను. తవిటయ్య దానికి అట్ట అతికించి, గోడకు మేకు కొట్టి, దేవుడి పటం పక్కన తగిలించాడు. తన ఉద్యోగం ఇంకా టెంపరరీగానే ఉంది. మేకకు మాత్రం పర్మినెంటు కాగితం వచ్చింది.

ఎనభై ఆరు వైశాఖం వచ్చింది. కాలనీలో మరిడమ్మ పండగ. డప్పులు, ఘటాలు, వేపమండలు. పూజారి జగ్గయ్య డెబ్భై ఏళ్ల మనిషి, పాత ఊళ్లోనూ ఆయనే పూజారి. మేకపోతు మెడలో దండ వేసి, మొదటి కుండ పోశాడు. మేకపోతు కళ్లు మూసుకుంది. రెండో కుండ పోశాడు. చెవులు కొంచెం వెనక్కి వాల్చింది, బాగుందన్నట్టు. మూడో కుండ సరాసరి నెత్తిన, చెవుల్లోకి పోశాడు. ఒళ్లంతా నీళ్లు కారుతుంటే అది రాతిబొమ్మలా నిలబడింది. డప్పులవాళ్లు వాయించి వాయించి, ఏం చెయ్యాలో తెలియక ఒకరి మొహం ఒకరు చూసుకుని ఆపేశారు.

జగ్గయ్య మేకను తప్పుపట్టలేదు. ఇంట్లో ఏదో మైల ఉంది, అమ్మ తీసుకోనంటోంది, వచ్చే ఏడు తీసుకురండి అన్నాడు. అసిరమ్మ ఏడ్చుకుంటూ ఇంటికొచ్చి మైల ఎక్కడుందని వెతికింది. ఎంతోసేపు వెతకక్కర్లేకపోయింది. క్వార్టర్లో మరుగుదొడ్డి ఇంటి లోపలే ఉంది. వంటగదికి నాలుగడుగుల్లో. ఇంతకంటే మైల ఏముంటుంది? ఆ ఏడాదంతా ఆవిడ మరుగుదొడ్డి గుమ్మానికి పసుపు రాసి, వేపమండ కట్టింది. వెళ్లొచ్చిన ప్రతిసారీ తవిటయ్య తలుపు దగ్గర కాళ్లు కడుక్కుని, వేపాకు నమిలి లోపలికి రావాలి.

వెనక్కి వచ్చిన మేకపోతుకు వీధిలో విలువ పెరిగింది. అమ్మవారి దగ్గరికెళ్లి తిరిగొచ్చినది కదా. పొద్దుటి 'ఏ' షిఫ్టు వాళ్లు డ్యూటీకి పోతూ దాని వీపు తాకి కళ్లకద్దుకునేవారు. ఎవరో ఇంటర్వ్యూకి వెళ్తూ దానికి అరటిపండు పెట్టి, సర్టిఫికెట్ల ఫైలు వాసన చూపించాడు. అది ఫైలులోంచి ఒక కాగితం తినేసింది. తర్వాత అతనికి ఉద్యోగం వచ్చింది. తిన్నది ఏ కాగితమో ఎవరికీ తెలియలేదు గానీ, ఆ తర్వాత ఇంకో ఇద్దరు కాగితాలు తెచ్చి తినిపించి వెళ్లారు.

ఎనభై ఏడు పండక్కి అసిరమ్మ ధైర్యంగానే వెళ్లింది. మైల లేదు, లోపం లేదు. మేకపోతు ఇప్పుడు నడుమెత్తు పెరిగి, గెడ్డంతో, కొమ్ములతో దర్జాగా ఉంది. జగ్గయ్య మొదటి కుండ పోశాడు. మేకపోతు మెల్లగా కుడికాలు ఎత్తింది.

కాలు ఎత్తడమంటే ఏమిటో జగ్గయ్యకు తోచలేదు. ఎత్తిన కాలు ఎత్తినట్టే ఉంచి, మేకపోతు తల తిప్పి తవిటయ్య చేతుల వంక చూసింది. అర్జునరావుకు అప్పుడు వెలిగింది. బావ చెవి దగ్గర నోరు పెట్టి, పళ్ల మధ్య నుంచి అన్నాడు.

"ఓరి బావా, ఈడు సబ్బు కోసం సూత్తన్నాడు."

మూడు కుండలూ అయ్యాయి. మేకపోతు రెండు కాళ్లూ వంతుల ప్రకారం ఎత్తి దించింది. ఒళ్లు విదిలించలేదు.

ఇంటికొచ్చాక పంచాయితీ జరిగింది. అర్జునరావు సంగతంతా చెల్లెలికి విడమరిచి చెప్పాడు. రోజూ నీళ్లు పోస్తే నీళ్లంటే జడుపు పోయింది, జడుపు పోయినది ఎలా విదిలిస్తుంది? అసిరమ్మ మొగుడిని నిలబెట్టి అడిగింది.

"నీకు తెలిసే సేత్తన్నావేటి మావా?"

"నాకేటి తెలుసు. నువ్వే కదా కడిగెయ్యమన్నావు."

"నాను ఒక్కరోజు కడగమన్నాను. రెండేళ్లు కడగమన్నానేటి?"

తవిటయ్య గోడ మీది కాగితం చూపించాడు. ప్రతిదినము అని రాసి ఉంది. అసిరమ్మకు చదువు రాదు గానీ, ఆ గుండ్రటి ముద్రంటే భయం. స్నానం మానిపిస్తే ఎస్టేటు ఆఫీసు క్వార్టరు తీసుకుంటుంది. మానిపించకపోతే అమ్మవారు ఉద్యోగం తీసుకుంటుంది. ముద్ర పెద్దదా, మరిడమ్మ పెద్దదా అని ఆవిడ ఒక పూటంతా ఆలోచించి, మరిడమ్మే పెద్దదని తేల్చింది. స్నానం బంద్.

వారం రోజుల్లో వాసన మెట్లెక్కింది. గౌరీశ్వరి దిగి ఎస్టేటు ఆఫీసుకెళ్లింది. రమణమూర్తి వచ్చాడు. వీధి మొదట్లోనే సైకిలు దిగి, నడుచుకుంటూ, జేబురుమాలు తీసుకుంటూ. ఆయన కోప్పడలేదు. షరతు ఉల్లంఘన అన్నాడు, అంతే. అది చాలు తవిటయ్యకు చెమటలు పట్టడానికి.

మర్నాడు తెల్లవారుజామున ఆయన డ్యూటీకి వెళ్తూ మేకపోతును కూడా తోలుకెళ్లాడు. మేపుకొస్తానని చెప్పాడు. పంపుహౌసు వెనక నాలుగంగుళాల గొట్టం ఉంది. సబ్బు లేకుండా, వట్టి నీళ్లతో కడిగేవాడు. కాగితం కోసమే అనుకునేవాడు. అలా అనుకుంటూనే చెవుల వెనక, కొమ్ముల మొదళ్లలో, గెడ్డం కింద వేళ్లు పోనిచ్చి రుద్దేవాడు. అంత వివరంగా కాగితంలో ఎక్కడా రాసి లేదు. ఆ పావుగంటసేపు ఆయన దానితో మాట్లాడేవాడట. పొలం గురించి, మెట్ట మీద చోడి గురించి, ఇప్పుడక్కడ లేచిన ఇనప గోపురాల గురించి. మనుషులతో ఆ సంగతులు ఎప్పుడూ ఎత్తలేదు.

ఎనభై ఎనిమిది జనవరిలో పర్మినెంటు ఆర్డరు వచ్చింది.

వీధివీధంతా మిఠాయి పంచిందే గానీ, అసిరమ్మకు ఆ రోజు నుంచి నిద్ర కరువైంది. ఇన్నాళ్లూ అమ్మ సగమే ఇచ్చింది, సగం బాకీ అటూ ఇటూ సరిపోయింది. ఇప్పుడు మొత్తం ఇచ్చేసింది. మేకనే ఇవ్వలేదు. ఇక అమ్మ తనకు కావలసింది తానే తీసుకుంటుంది. ఏం తీసుకుంటుంది? ఇప్పించింది ఎవరికో వాళ్లనే. మార్చి నెలలో తవిటయ్య ట్యాంకు నిచ్చెన మీంచి జారి పడ్డాడు. మడమ బెణికింది, అంతకు మించి ఏమీ కాలేదు. కానీ అసిరమ్మకు ఇంకేం చెప్పక్కర్లేదు. కాలికి కట్టుతో ఆయన మంచం మీద కూర్చుంటే, ఆవిడ కింద కూర్చుని ఆయన చెయ్యి తన నెత్తిన పెట్టుకుంది.

"నాకంతా తెలుసు మావా. పంపుహౌసు కాడ నీళ్లు పోత్తన్నావు. పోసినన్నాళ్లు పోసినావు, నానేటీ అన్లేదు. ఇప్పుడు నలభై రోజులు ఒక్క సుక్క పొయ్యనని నా నెత్తి మీద సెయ్యేసి సెప్పు. అమ్మకి దాని పేణం కావాల. అదియ్యకపోతే నీది తీసుకుంటాది. నాకు నువ్వు కావాల."

ఆ మాటలో పిచ్చి ఉంది గానీ, అబద్ధం లేదు. తవిటయ్య చెయ్యి తియ్యలేకపోయాడు. పొయ్యను అన్నాడు.

పొయ్యలేదు కూడా. రమణమూర్తి వస్తే ఏం చెప్పాలన్నది అర్జునరావు చూసుకున్నాడు. ఎక్కడినుంచో పశువుల డాక్టరు చేత, సదరు మేకకు తీవ్రమైన జలుబు, నలభై దినములు జలస్పర్శ కూడదు అని రాయించుకొచ్చాడు. రమణమూర్తి ఆ కాగితం రెండుసార్లు చదివి, ఫైల్లో పెట్టి, త్వరగా నయమవ్వాలని కోరుకుంటున్నానని చెప్పి వెళ్లాడు.

ఆ నలభై రోజులూ మేకపోతు తెల్లవారగానే కుళాయి దగ్గరికి వెళ్లి నిలబడేది. కుడికాలు ఎత్తి పెట్టుకుని ఎదురుచూసేది. తవిటయ్య పక్కనుంచి తలొంచుకుని వెళ్లి, చక్రం తిప్పి, ఊరందరికీ నీళ్లు వదిలేవాడు. ఇరవయ్యో రోజున అసిరమ్మే ఉండబట్టలేక, "ఈడు కాలు దించడం లేదు మావా, నొప్పెడతాది," అంది. అన్నాక నాలుక కరుచుకుని లోపలికెళ్లిపోయింది. తవిటయ్య వెళ్లి ఆ కాలు చేత్తో పట్టుకుని కిందికి దించి వచ్చాడు.

పండగ రోజు రానే వచ్చింది. మూడేళ్ల మేకపోతును చూడ్డానికి చుట్టుపక్కల కాలనీలన్నీ దిగాయి. ఎక్కడినుంచో లారీలో, గుండెకు తప్పెట్లు కట్టుకుని వాయిస్తూ ఆడే తప్పెటగుళ్ల జట్టు కూడా వచ్చింది. తాడు తవిటయ్య చేతికే ఇచ్చారు, మొక్కింది ఆయన కోసం కాబట్టి. కత్తి మనిషి పక్కన సిద్ధంగా ఉన్నాడు. గౌరీశ్వరి కూడా వచ్చింది, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకునే.

జగ్గయ్య ఈసారి అప్పటికప్పుడు బావిలో తోడిన నీళ్లు వద్దన్నాడు. కుండల్ని ముందురోజు నుంచి తడిగోనెలు చుట్టి చల్లబెట్టించాడు. మొదటి కుండ పోశాడు. మేకపోతు బిక్కచచ్చిపోయినట్టు నిలబడింది. గెడ్డం చివర ఒక చుక్క వేలాడింది. రెండో కుండ పోశాడు. భుజం మీది చర్మం సన్నగా వణికింది, ఈగ వాలితే వణికినట్టు. అదిగో అదిగో అని జనం ముందుకు తోసుకొచ్చారు. జగ్గయ్య చెయ్యెత్తి ఆపాడు. ఇది వణుకే గాని విదిలింపు కాదన్నాడు. ఇంకొక్క కుండ. విదిలిస్తే ఈడు పోతాడు. విదిలించకపోతే అసిరమ్మ ఏడుపు మళ్లీ ఏడాది, ఆ ఏడాదిలో ఏమవుతుందో తెలియదు.

మూడో కుండ ఎత్తేసరికి వెనకనుంచి జనం తోసుకున్నారు. జగ్గయ్య చెయ్యి తూలింది. సగం నీళ్లు మేక మీద పడ్డాయి, సగం తవిటయ్య నెత్తిన పడ్డాయి.

తవిటయ్య ఒళ్లు విదిలించాడు.

మామూలుగా కాదు. నడినెత్తి నుంచి అరికాలి దాకా, జుట్టులోంచి నీళ్లు నాలుగు వైపులా చిమ్మేలా, పళ్లు టకటకలాడేలా. ఆపుకుందామన్నా ఆగలేదు. మేకపోతు మాత్రం కదలకుండా నిలబడి, ఈయనకేమొచ్చిందన్నట్టు చూసింది. ముందు వరసలో ఒక ముసలమ్మ చేతులు జోడించి, "ఇదిలించినాడు తల్లీ," అంది. డప్పులవాళ్లకు రెండేళ్ల నుంచి ఆగి ఉన్న దెబ్బ ఒక్కసారి వచ్చేసింది. వాయించేశారు.

యాభై ఏళ్లలో ఇలాంటిది జగ్గయ్య చూడలేదు. మూడో కుండకు విదిలింపు జరిగింది, అందరూ చూశారు, కాదనడానికి లేదు. ఎవరు విదిలించాలన్నది అమ్మ ఎప్పుడూ విడిగా చెప్పలేదు. కత్తి మనిషి ఒకసారి తవిటయ్య మెడ వంక చూసి, మళ్లీ తనకే సిగ్గేసి కత్తి వీపు వెనక దాచుకున్నాడు. అసిరమ్మ జనాన్ని చీల్చుకుని వచ్చి మొగుడి మెడ చుట్టూ రెండు చేతులూ వేసింది. ఆయన్ని ఇవ్వనంది. కావాలంటే మేకనే తీసుకోమంది.

"ఇదిలించందాన్ని అమ్మ ఎలగ తీసుకుంటాదే," అన్నాడు జగ్గయ్య. "ఇదిలించినోడిని మనం ఎలగ ఇత్తాం."

చివరికి ఆయనే ఒక దారి తీశాడు. ఒప్పుకున్నది మనిషి ఒళ్లు కాబట్టి, మనిషి ఒంటి మీద ఇవ్వగలిగింది ఇవ్వాలి. తల వెంట్రుకలు. ఇక మేకపోతును ప్రాణంతోనే అమ్మకు వదిలెయ్యాలి. ఈ క్షణం నుంచి అది అమ్మ సొత్తు. ఎవరూ తాడు వెయ్యకూడదు, అదిలించకూడదు, ఆపకూడదు. తవిటయ్య గుమ్మం అది తొక్కకూడదు. తవిటయ్య దాన్ని పిలవకూడదు.

"పిలకూడదా?" అన్నాడు తవిటయ్య.

"పిలిత్తే అమ్మకిచ్చిందాన్ని మళ్లీ నీది సేసుకున్నట్టు," అన్నాడు జగ్గయ్య. "పోనీలే అనుకో. పేణం దక్కింది. ఇద్దరికీ."

అసిరమ్మ అమ్మవారి ముందు బోర్లా పడి చాలాసేపు లేవలేదు. లేచాక మూడేళ్లలో మొదటిసారి మొహం తేటపడింది.

తాడు విప్పారు. మంగలి వచ్చి తవిటయ్యను పీట మీద కూర్చోబెట్టాడు. వెంట్రుకలు ఒళ్లో పడుతుంటే ఆయన చూపంతా జనం కాళ్ల మధ్య తిరుగుతున్న నాలుగు నల్ల కాళ్ల మీదే. మేకపోతు హాయిగా తిరుగుతోంది. ఒకరి చేతిలో కొబ్బరిచిప్ప లాక్కుంది. ఘటం మీది పూలదండ సగం తినేసింది. ఎవరూ ఏమీ అనలేదు, అనకూడదు కాబట్టి.

గుండుకు గంధం పూయించుకుని తవిటయ్య లేచి, మేకపోతు ఎదురుగా వెళ్లి నిలబడ్డాడు. పిలవకూడదన్నారు గానీ, నిలబడకూడదని అనలేదు. కథల్లో జంతువులు ఇలాంటప్పుడు కళ్లనీళ్లు పెట్టుకుంటాయి, కాళ్లు నాకుతాయి. మేకపోతు తలెత్తి ఆ పసుపురంగు గుండును వాసన చూసింది. గంధం అంతా ఇంతా పూశారా. దానికి ఆ మనిషి ఎవరో అంతుపట్టలేదు. ఒకసారి తుమ్మి, పక్కకు తప్పుకుని, వెళ్లిపోయింది.

మిట్టమధ్యాహ్నానికి తప్పెటగుళ్ల జట్టు సామాను సర్దుకుంది. లారీలో వాళ్లు కూర్చోవడానికి కొత్త వరిగడ్డి పరుచుకున్నారు. వెనక తలుపు కిందికి దించి ఉంది. మేకపోతు ఆ గడ్డిని చూసి, రెండడుగులు వెనక్కి వేసి, ఒక్క దూకులో ఎక్కేసింది. జట్టులో వాళ్లంతా లేచి నిలబడిపోయారు. దించండని ఎవరో అనబోయారు. జగ్గయ్య దూరం నుంచే చెయ్యి అడ్డంగా ఊపాడు. అమ్మ సొత్తు. ఎక్కితే ఎక్కినట్టే.

డ్రైవరు ఇంజను వేశాడు. తవిటయ్య లారీ వెనక నాలుగడుగులు వేసి, నోరు తెరిచి, మళ్లీ మూసుకున్నాడు. మేకపోతు అటువైపు తిరిగి, తల గడ్డిలో పెట్టి తింటోంది. లారీ మలుపు తిరిగి గాజువాక రోడ్డు ఎక్కేదాకా దాని తోక ఒక్కటే కనిపించింది.